అరువు గొంతు

సత్యవాణి గొంతు సవరించుకుని, ట్యాబ్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుని "నీళ్ళు" అంది. బొమ్మ నొక్కి విని, పెదవి విరిచి, మళ్ళీ అంది. మాట రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళి, బొమ్మ నొక్కితే మాట పలికేలా ట్యాబ్‌లు సిద్ధం చేసి, వాడటం నేర్పడం ఆమె ఉద్యోగం. యంత్రం గొంతుకు పిల్లలు బెదురుతున్నారని తన గొంతే ఇస్తుంది. దివిసీమలో ఎన్నో ఇళ్ళలో ఆ గొంతు "అమ్మా, ఆకలి" అంటుంది. యాభై దాటిన సత్యవాణిని అమ్మా అనేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఎండకు కమిలిన మొహం, బస్సుల్లో నలిగిన నేతచీర, మడమ దగ్గర అరిగిన చెప్పులు, అంతే మనిషి.

ఈ రోజు ఆమె వచ్చింది పాలకాయతిప్పకు ఇవతల ఊళ్ళో కిరణ్ ఇంటికి. అతని కూతురు జాహ్నవికి ఎనిమిదేళ్ళు. చేతులు కాస్త ఆడతాయి, మాట లేదు. పిల్ల మూలిగితే అది ఆకలో, దాహమో తల్లి బిందుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ బిందునే బందరు ఆసుపత్రి నుంచి ఇక చేసేదేం లేదని పంపేశారు. వాచిన కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుని ట్యాబ్ వంకే చూస్తోంది.

"అన్నం, నొప్పి, ఫ్యాను పెట్టాను. ఇంకేం కావాలమ్మా?"

"నాన్నా అని పెట్టండి మేడమ్ గారూ."

"అమ్మా అని కూడా పెడతాను."

"అదొద్దండీ." బిందుకు ఆయాసం వచ్చింది. "రేపు నేను లేకపోతే, నొక్కుకుంటా కూర్చుంటది. ఎవరు పలుకుతారు?"

గడప దగ్గర కూర్చున్న కిరణ్ తల దించుకున్నాడు.

సత్యవాణి అక్కడితో ఊరుకోవాల్సింది. మనసొప్పలేదు. ఇన్నాళ్ళూ సాకిన మనిషి ఆ పిలుపు వినకుండానే పోవడమా?

"ఒక్కసారి వినమ్మా. తర్వాత తీసేస్తాను" అని బిందు ఫొటో తీసి, దానికి తన గొంతుతో "అమ్మా" అని జోడించింది.

జాహ్నవి వంకర వేళ్ళు తెర మీద తడబడి, తల్లి ఫొటో మీద ఆగాయి.

"అమ్మా."

"ఏం తల్లీ?" అంది బిందు తనకు తెలియకుండానే. పిల్ల కిలకిలా నవ్వి మళ్ళీ నొక్కింది. నొక్కినప్పుడల్లా బిందు పలికింది. తీసేయమని ఆమె అనలేదు, సత్యవాణీ అడగలేదు.

మధ్యాహ్నం అవనిగడ్డ బస్సు కోసం నిలబడి ఉండగా కిరణ్ ఫోన్ చేశాడు. "మేడమ్ గారూ, బిందు..." అని ఆగిపోయాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి బిందును చాప మీదికి దించారు. గుమ్మంలో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. లోపలి గదిలోంచి సత్యవాణికి తన గొంతే వినిపించింది. "అమ్మా. అమ్మా."

ఎంత పని చేశాను అనుకుంటూ లోపలికి వెళ్ళి, ఆ ఫొటో తీసేద్దామని ట్యాబ్ అందుకోబోయింది. పిల్ల పక్కనే కూర్చున్న కిరణ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీయండి. నేను పలుకుతాను."

"అమ్మా."

"ఆఁ, ఇక్కడే ఉన్నా" అన్నాడు కిరణ్.

జాహ్నవి మంచం పక్కన పీట మీద, బిందు కూతురి కోసం మెత్తగా పిసికి పెట్టిన పప్పన్నం గిన్నె ఉంది. అన్నంలో ఆమె వేళ్ళ గుర్తులు ఇంకా చెరగలేదు.