టవర్ పారేసిన ప్యాకెట్లు

ఉప్పాడ పల్లంరాజు పడవను వేటకు పోకుండా మత్స్యశాఖ వాళ్లు ఆపేశారు. పడవ ఎక్కడుందో చెప్పడానికి బిగించిన వైర్‌లెస్ పెట్టెను కావాలనే ఆర్పేస్తున్నాడని ఆరోపణ. తీరం టవర్‌కి ఆ పడవ నుంచి ఒక్క కబురూ రాలేదట. శుక్రవారం విచారణ. తప్పని తేలితే లైసెన్సు పోతుంది.

పెట్టెలు పెట్టింది కాకినాడ కంపెనీ. అందులో టవర్ యంత్రాన్ని చూసుకునేది పల్లంరాజు కూతురు సత్యకుమారే.

"మీ నాన్న కాబట్టి నువ్వు తలదూర్చకమ్మా," అన్నాడు పై ఇంజనీరు మణిశంకర్.

"మా నాన్న కాబట్టే దూరుస్తానండి. స్క్రీన్ మీద లేదంటే టవర్‌కే రాలేదని ఎలా అంటారు? మధ్యలో ఎక్కడ పోయిందో చూశారా?"

"సముద్రంలో పోయుంటుంది."

"సముద్రం మీదకి తోసేయడం తేలికేనండి. అది విచారణకి రాదుగా."

మణిశంకర్‌కి నవ్వొచ్చింది. "స్పేర్ యంత్రం తీసుకెళ్లు. అసలుదాన్ని ముట్టుకోకు."

స్క్రీన్ చూపేది వడకట్టగా మిగిలింది. వడపోత జరిగేది అడుగున, యంత్రాన్ని నడిపించే కెర్నెల్‌లో. అక్కడే కాపు కాసి, పారేయకముందే, ప్యాకెట్‌గా వచ్చే ప్రతి కబురు పైచీటీని, అంటే హెడర్‌ని చదవాలి. ఎవరు పంపారు, ఎన్నో ప్యాకెట్, సిగ్నల్ బలమెంత: అన్నీ అందులోనే ఉంటాయి. అందుకోసం సత్యకుమారి కెర్నెల్‌లోకి ఎక్కే చిన్న ప్రోగ్రాం, ఒక మాడ్యూల్ రాసింది. ఎక్కించగానే యంత్రం బిగుసుకుపోయింది. హెడర్ పొడవు తనే తప్పు లెక్కేసింది. తనను తానే తిట్టుకుని, దిద్ది, యంత్రాన్ని టవర్ దగ్గరికి మోసుకెళ్లింది.

ఒడ్డున పడవలో కూర్చున్న తండ్రికి ఫోన్ చేసింది. "పెట్టె వెలుగుతోందా నాన్నా?"

"వెలుగుతోందే. దీనికి హారతివ్వడం ఒక్కటే తక్కువ."

తండ్రి పెట్టె చిరునామాతో స్పేర్ యంత్రంలో వరసలు పడ్డాయి. చిరునామా ఒకటే. నంబర్లు మాత్రం 9120, 341, 9121, 342. ఒకటి దూరం నుంచి సన్నగా, ఒకటి దగ్గర నుంచి గట్టిగా. ఒక్క పెట్టె ఇలా లెక్కపెట్టదు.

"నాన్నా, మన నూకాలమ్మ కాక, ఇవాళ నీళ్లమీదున్న ఇంకో నూకాలమ్మ పడవ ఎవరిది?"

"ప్రసన్నకుమార్‌ది. ఏంటే?"

ఊళ్లో చాలా పడవలకు నూకాలమ్మ అమ్మవారి పేరే. యజమాని పేరు కలిపి పిలుస్తారు కాబట్టి ఎవరికీ తికమక లేదు. కంపెనీ మాత్రం పడవ పేరు నుంచే పెట్టెకు చిరునామా తయారుచేసింది. ఒకే చిరునామా నుంచి వెనకటి నంబరొస్తే, పాతదని కెర్నెల్ పారేస్తుంది. పల్లంరాజు పెట్టె కొత్తది, నంబర్లు చిన్నవి. అన్నీ చెత్తలోకే పోయాయి; ఆ చిరునామాతో మిగిలినవన్నీ స్క్రీన్ మీద ప్రసన్నకుమార్ పేరునే పడ్డాయి.

మణిశంకర్ వరసలన్నీ చదివాడు. "పేరు వాడమన్నది నేనే," అన్నాడు. "మీ నాన్న పడవను వదిలేయమని రాస్తాను."

"అదొక్కటే చాలదండి. రేపు తుఫానులో ఒక నూకాలమ్మ మునిగితే, ఇంకో నూకాలమ్మ కబురు చూసి అంతా క్షేమం అంటారు మీరు. ఈ పెట్టెలన్నీ మార్చేదాకా ఏ పడవనీ ఆపకూడదని రాయండి."

"తప్పు మనదని ఒప్పుకోవాలి అయితే."

"అవునండి."

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అతను 'సాంకేతిక లోపం' అని రాస్తే కొట్టేయించి, 'మేము చేసిన తప్పు' అని రాయించింది. సంతకం పడ్డాకే లేచింది.

శుక్రవారం ఆ కాగితం చూసి పడవను వదిలేశారు. పల్లంరాజు ఇంటికి కూడా పోలేదు. డీజిల్ పోయించుకోవడానికి తిన్నగా హార్బరుకి నడిచాడు.