పచ్చకొమ్మలు

చెరకు కొట్టాక ఎండాకు కాల్చే రోజంటే హాతీరాంకు పండగే. అడవి అంచున పొలం కదా, మంట అటు పాకకుండా చుట్టుపక్కల రైతులంతా పచ్చకొమ్మలు పట్టుకుని గట్ల మీద నిలబడేవారు. భార్య పోయాక అతని దగ్గరికి నలుగురు వచ్చేది ఆ ఒక్కనాడే.

ఈ ఏడు వ్యవసాయాధికారి మాట విని ఆకు కాల్చకుండా సాళ్ల మధ్య పరిచాడు. నేలలో తేమ నిలిచింది. రెండు నెలలకే మోళ్లు నిరుటికంటే ఒత్తుగా పిలకలేశాయి. మంటే లేని పొలానికి కాపలా ఎందుకు? ఎవ్వరూ రాలేదు.

ఓ మధ్యాహ్నం గట్టు మీద గుప్పెడు ఆకు పోగేసి అగ్గిపుల్ల గీశాడు. పొగ చూసి పక్క పొలం తిరుపతి పచ్చకొమ్మ విరుచుకుని ఉరికొచ్చాడు.

"ఏంది కాకా, ఎవర్నీ పిలువకుండనే మంట వెట్టినవ్?"

"ఏం లేదు. కొమ్మ పక్కనవెట్టి జర కూసో" అంటూ హాతీరాం, ఆరిపోబోతున్న మంటలో ఇంకో గుప్పెడు ఆకు వేశాడు.