తల, ఒళ్ళు, తోక

పని త్వరగా చెయ్యాలన్న బుద్ధి నాకు పుట్టిన రోజున నా కాలు విరిగినా బాగుండేది. కోపంలో అంటున్న మాట కాదిది, నాలుగేళ్ళు ఆలోచించి అంటున్నది.

నా పేరు సుజానా. మాది హుకుంపేట అవతల కొండమీది ఊరు. అరకు వైపు ఓ మండల ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఏ మండలమో చెప్పను. చెబితే మా సూపరింటెండెంట్ సర్వేశ్వరరావు గారు సంతోషిస్తారు, ఆయన్ని సంతోషపెట్టే ఉద్దేశం నాకు లేదు. నా భర్త రాబిన్ అడ్డతీగల ఆశ్రమ పాఠశాలలో టీచరు. మా అమ్మాయి ప్రసన్న అక్కడే, వాళ్ళ నాన్న దగ్గర, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఇక్కణ్ణుంచి జీపులూ బస్సులూ మారి అక్కడికి చేరాలంటే ఒక పగలంతా పడుతుంది. ఆదివారం ఒక్క సెలవులో ఏం వెళ్తాను, ఏం వస్తాను? నెలకోసారి, శనివారం మధ్యాహ్నం రెండు గంటల జీపు దొరికితే వెళ్ళడం, సోమవారం సెలవు పెట్టి తిరిగి రావడం. పాపకి నాలుగేళ్ళు నిండాయి. నేను వెళ్ళినప్పుడల్లా మొదటి గంట నాయనమ్మ చీర వెనకాల దాక్కుంటుంది.

తొంభై తొమ్మిదిలో నేను చేరినప్పుడు ప్రతి కాగితమూ మొదటినుంచి దిద్దుకునేదాన్ని. శీర్షిక పట్టుకుని పెద్దక్షరం చెయ్యాలి, లావు చెయ్యాలి, మధ్యకి జరపాలి. కింద పేరాకి తెలుగు ఫాంటు పెట్టాలి, వరసల మధ్య ఎడం ఇవ్వాలి. చివర సంతకం చోటు కుడివైపుకి తొయ్యాలి. ఇంకో నోటీసు వస్తే మళ్ళీ అన్నీ మొదటికే. ఒక్క గ్రామసభ నోటీసుకి అరగంట పట్టేది. రెండు గంటల జీపు నా శీర్షికల కోసం ఆగదు కదా.

అప్పుడు ఫార్మాట్ మెనూలో స్టైల్ అన్న మాట కనిపించింది. శీర్షిక ఎలా ఉండాలో ఒక్కసారి చెప్పి, దానికో పేరు పెట్టి దాచుకుంటే చాలు. తర్వాత ఏ కాగితంలోనైనా రెండుమూడు మీటలు కలిపి నొక్కితే అదే రూపం వచ్చి కూర్చుంటుంది. టెంప్లేట్‌లో చేర్చమన్న గడిలో టిక్కు పెడితే కొత్తగా తెరిచిన ప్రతి కాగితంలోనూ అది సిద్ధంగా ఉంటుంది. నేను మూడు చేసుకున్నాను. శీర్షికకి తల, మధ్య పేరాలకి ఒళ్ళు, సంతకం చోటుకి తోక. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి పెట్టాను ఆ పేర్లు. ఓసారి సర్వేశ్వరరావు గారు నా భుజం మీంచి చూసి, "ఏమ్మా సుజానా, ఇది ఆఫీసు కాగితమా, సంతలో మేకా?" అన్నారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు నవ్వొచ్చేది.

అరగంట పని అయిదు నిమిషాలకి దిగింది. ఇక శనివారం పన్నెండుకే బయటపడొచ్చు అనుకున్నాను, వెర్రిదాన్ని. నేను మిగుల్చుకున్న ప్రతి గంటలోకీ ఇంకో ఫైలు వచ్చి చేరింది. మొదట మా ఆఫీసు పాత కాగితాలన్నీ. తర్వాత పక్కనున్న రెండు ఆఫీసుల జాబితాలు, తర్వాత పైనుంచి వచ్చే ఆఫీసర్ల ఉపన్యాసాలు కూడా. ఆ అమ్మాయి చేస్తే అచ్చేసినట్టుంటుందన్న పేరొచ్చింది. ఆ పేరు తగలెట్టా, రెండు గంటల జీపు నాలుగుసార్లకి మూడుసార్లు నన్ను ఒదిలేసి పోయేది.

రెండువేల మూడు ఏప్రిల్‌లో రాబిన్ ఫోన్ చేశాడు. అడ్డతీగలలో ఒక ఆఫీసులో ఆపరేటర్ సీటు ఖాళీ అయిందనీ, నన్ను తీసుకుంటారనీ, జూన్ పదిహేనులోపు ఇక్కణ్ణుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తెచ్చుకోవాలనీ చెప్పాడు. ఆ నెలలోనే పాపని బళ్ళో వేస్తున్నారు. బడికి మొదటిరోజు నేను తీసుకెళ్ళాలని నాకెంత ఆశో ఎవరికి చెప్పను?

సర్వేశ్వరరావు గారు అర్జీ చదివి కళ్ళజోడు తీశారు.

"నేనేం అడ్డమా అమ్మా? నీ పని ఇంకొకరికి వస్తే ఈ క్షణం సంతకం పెడతాను. మన సింహాచలానికి నేర్పు."

సింహాచలం మా ఆఫీసు టైపిస్టు. వయసు యాభై ఆరు. రాజాం వైపు మనిషి. కొండమీదకి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఆయన మిషను ఇప్పుడు గోనెసంచి కప్పుకుని మూలన ఉంది. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. చలికాలంలో నాకూ కలిపి టీ పెట్టిస్తాడు, జ్వరమొస్తే మాత్రలు తెచ్చిపెడతాడు. మంచివాడు. మంచివాడని ముందే చెబుతున్నాను, తర్వాత నేను ఆయన్ని తిట్టినప్పుడు మీరు తొందరపడకుండా.

రోజూ సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా నేర్పేదాన్ని. శీర్షిక మధ్యకి రావాలంటే స్పేస్ మీట టకటకా కొట్టుకుంటూ పోయేవాడు, మిషను మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నట్టే.

"అలా కొట్టకు బాబాయ్. తల నొక్కు, అదే మధ్యకి వస్తుంది."

"ఏటి నొక్కమన్నావు?"

"కంట్రోల్, ఆల్ట్, టి."

"మూడు మీటలు ఒకపాలి నొక్కీమంటే ఎలాగమ్మా? నానేటి హార్మోనీ వాయిస్తన్నానా?"

మే నెలంతా ఇదే వరస. పాపకి జ్వరమని మూడు రోజులు నేను అడ్డతీగల వెళ్ళొచ్చాను. వచ్చి చూస్తే అదే స్పేస్ మీట, అదే టకటక. నా ఓపిక అడుగంటింది. రెండుసార్లు గట్టిగా అరిచాను, ఆయన తల దించుకున్నాడు. ఇంటికి పోయి నేనే ఏడ్చాను, పెద్దాయన్ని అన్నందుకు.

జూన్ ఏడు శనివారం పొద్దున్న పరీక్ష పెట్టారు. సర్వేశ్వరరావు గారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక గ్రామసభ నోటీసు చెయ్యమన్నారు. సింహాచలం బాబాయ్ ముప్పావుగంట కొట్టాడు. శీర్షిక ఎడమకి ఒరిగింది, పేరాల్లో సగం తెలుగు ఫాంటు పోయి ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారింది, సంతకం చోటు రెండో పేజీలోకి జారిపోయింది. సారు నా వైపు తిరిగి, "చూశావుగా. నేనేం చెయ్యను?" అన్నారు.

ఇద్దరూ లేచి వెళ్ళాక, బాబాయ్ ఎక్కడ తప్పాడో చూద్దామని కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడూ మీటలతోనే పనిచేస్తాను కాబట్టి స్టైళ్ళ జాబితా నేను తెరవను. ఆరోజు తెరిచాను. తల ఉంది, ఒళ్ళు ఉంది, తోక ఉంది. వాటి కింద నాలుగోది ఉంది, సింహా బదిలీ అని.

నేను చెయ్యలేదు దాన్ని. తెరిచి చూశాను. ఒళ్ళు ఆధారంగా చేసింది. అంచులు సరిగ్గా, మొదటి వరస లోపలికి, ఎడం ఒకటిన్నర, తెలుగు ఫాంటు. దానికో మీట కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు. నేను సెలవులో ఉన్న మూడు రోజుల్లో తన బదిలీ అర్జీ తనే చేసుకుని, ప్రింటు తీసుకుని, ఫైలు తుడిచేశాడు. కానీ టెంప్లేట్‌లో చేర్చమన్న గడిలో టిక్కు పెట్టాడు, నేను నేర్పినట్టే. ఫైలు పోయినా స్టైలు పోదని మాత్రం ఆయనకి తెలియలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. బాబాయ్ వరండాలో టీ తాగుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"సింహా బదిలీ ఏంటి బాబాయ్?"

గ్లాసు కింద పెట్టాడు.

"ఈ పని నాకొచ్చమ్మా. నువ్వు సెలవెల్లినప్పుడే వచ్చీసింది."

"మరి పొద్దున్న ఆ నాటకం ఏంటి? నా నోటి దగ్గర కూడు తీసేశావు కదా."

"వచ్చని సెప్తే నన్నొగ్గుతారేటి?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎనభై నాలుగులో వచ్చినాను. మూడేళ్ళన్నారు. అప్పుడు నోటీసులన్నీ స్టెన్సిల్ కాయితం మీద కొట్టి, సైక్లోస్టైల్ మిషను తిప్పి కాపీలు తీసీవోళ్ళం. స్టెన్సిల్ సిరగకుండా కొట్టడం నాకొక్కడికే వచ్చు. నువ్వెల్పోతే ఎవుడు కొడతాడయ్యా అనీసి ఆపీసినారు. ఎంతమంది ఆఫీసర్లు మారినారో, ఆ మాట మాత్రం మారలేదు. నువ్వొచ్చి ఆ కుర్సీలో కూకున్న రోజు నానెంత సంబరపడ్డానో నీకు తెల్దు."

"సంబరపడ్డావా?"

"ఇంకోలికి వచ్చింది, నానింక ఎల్లొచ్చు అనుకున్నాను. ఇన్నాళ్ళకి ఆర్డరొచ్చింది. సోమారం రిలీవ్ సేత్తానన్నారు సారు. మా ఆడదానికి సుగరొచ్చి కళ్ళు పోతన్నాయమ్మా. దాని కంటికి నా మొకం ఆనేటప్పుడే ఇంటికాడ ఉండాల."

"నా గుంట ప్రసన్న మాటేంటి బాబాయ్? నా మొకం దానికి తెలియక్కర్లేదా?"

నీకింకా వయసుందమ్మా అని గొణిగి లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో కూర్చున్నాను గానీ ఒక్క మాట చెవికెక్కలేదు. చెప్పేస్తే నేను బయటపడతాను, ఆయన ఇరుక్కుంటాడు. చెప్పకపోతే ఆయన ఇల్లు చేరతాడు, నేను ఈ కుర్చీలోనే ముసలిదాన్నవుతాను. ప్రార్థన అయ్యేసరికి నిర్ణయించుకున్నాను, చెప్పకూడదని. దేవుడి సాక్షిగా ఆ మాట నిజం. నేనంత చెడ్డదాన్ని కాదు.

సోమవారం సింహాచలం బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ట్రంకుపెట్టె అప్పటికే వరండాలో ఉంది. కిరసనాయిలు స్టవ్వు గాసి అనే అటెండరుకి ఇచ్చేశాడట. సారు నన్ను గదిలోకి పిలిచి, ఆయన రిలీవింగ్ ఆర్డరు కొట్టుకు రమ్మన్నారు. తల, ఒళ్ళు, తోక నొక్కి అయిదు నిమిషాల్లో తెచ్చిచ్చాను. సారు పెన్ను మూత తీస్తూ నవ్వారు.

"పోనీలే పాపం, ముసలాడు. వాడికి ఈ జన్మకి రాదు. నువ్వున్నావు కదా, నాకేం దిగుల్లేదు. నువ్వెక్కడికి పోతావు?"

నువ్వెక్కడికి పోతావు అన్న మాటకి నా ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళ మంట ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది.

"ఆయనకి వచ్చు సార్," అన్నాను. "నాకంటే బాగా వచ్చు. రండి, చూపిస్తాను."

చూపించాను. సింహా బదిలీ మీద మౌస్ పెట్టి, అంచులూ ఎడమూ అన్నీ తెరిచి, ఇవి రానివాడు చేసేవి కావని నేనే వివరించాను. గుమ్మంలో ఇస్త్రీ చొక్కా కదిలినట్టనిపించింది, నేను అటు చూడలేదు.

సర్వేశ్వరరావు గారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ముఖం వెలిగిపోయింది.

"ఇద్దరికీ వచ్చా? ఇన్నాళ్ళూ చెప్పరేం! పక్క మండలం పట్టాల జాబితాలు కూడా మనమే చెయ్యాలని పైవాళ్ళు నెల నుంచి అడుగుతున్నారు. మనిషి లేడని ఆపాను. రెండో కంప్యూటర్ కూడా ఇస్తామన్నారు."

"సార్, మరి నా ఉత్తరం..."

"ఇప్పుడు ఉత్తరాలేంటమ్మా? పని అయ్యేదాకా ఇద్దరూ కదలడానికి వీల్లేదు. ఆ తర్వాత చూద్దాం."

రిలీవింగ్ ఆర్డరుని రెండుగా మడిచి, మళ్ళీ రెండుగా మడిచి సొరుగులో వేసుకున్నారు. అయిదు నిమిషాల్లో నేను చేసిన కాగితం అది.

బయటికి వస్తే సింహాచలం బాబాయ్ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. గాసి దగ్గరికి పోయి, స్టవ్వు మళ్ళీ కావాలని అడిగి తెచ్చుకున్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పదిహేనో తారీకు దాటింది. అడ్డతీగల సీటులో ఇంకెవర్నో తీసుకున్నారని రాబిన్ ఫోన్ చేశాడు. పాప బడికి నాయనమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిందట, ఏడవలేదట. నేను ఎస్టీడీ బూత్‌లోనే ఏడ్చాను.

నెలాఖరుకి రెండో కంప్యూటర్ వచ్చింది, నాదానికి పక్కనే పెట్టారు. అప్పటిదాకా మా మధ్య పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. ఆరోజు బయట వాన పడుతోంది. బాబాయ్ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"నా అర్జీ మల్లీ పెట్టుకోవాల. నువ్వూ పెట్టుకుంటావు కదా?"

"పెట్టుకుంటాను బాబాయ్." ఆయన వైపు తిరిగాను. "నన్ను క్షమించు. నోరు జారింది."

"నీ జాగాలో ఉంటే నానూ సెప్పీసేవోణ్ణి," అన్నాడు. "రెండర్జీలకీ ఒకటే స్టైలు సరిపోద్దమ్మా. పేరు మార్సీ."

జాబితా తెరిచాను. సింహా తీసేసి, బదిలీ అన్న ఒక్క ముక్క ఉంచాను. ఆయన అర్జీ, నా అర్జీ పక్కపక్కన తెరమీద పెట్టుకున్నాం. ఊరి పేరూ కారణమూ తప్ప అన్నీ ఒకటే. తారీకు దగ్గర ఏడాది అంకె ఖాళీ వదిలాను. టెంప్లేట్‌లో చేర్చమన్న గడిలో ఈసారి టిక్కు నేనే పెట్టాను, వచ్చే ఏడాది మళ్ళీ మొదటినుంచి చేసుకోనక్కర్లేకుండా.