ఏడు ఫండ్లు, ఒక బొత్తం

మా బావమరిదిని ఇంట్లో అందరం పర్సంటు అంటాం. వాడికి కోపం రాదు. ఫోను చేసినప్పుడు వాడే "అక్కా, నేనూ, పర్సంటుని" అంటాడు. జనం చేత ఫండ్లు కొనిపించే కంపెనీలో ఉద్యోగం. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే వంట ఎలా ఉందో చెప్పడు, ఆ వీధిలో ఇళ్ల అద్దెలు ఏడాదికి ఎంత శాతం పెరిగాయో చెప్పి వస్తాడు.

ఆ ఆదివారం నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి, బల్ల మీద ఏడు రంగుల కరపత్రాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

వాడు రావడానికి కారణం ఉంది. మా ఆవిడ ఇరవై రెండేళ్లు ఒక యూనిఫారాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టింది. ఆ ఫ్యాక్టరీని ఒక పెద్ద బట్టల కంపెనీ కొన్నది. కొన్న ఏడాదికే తాళం వేసింది. వెళ్లేటప్పుడు చేతిలో పెట్టిన మొత్తం బ్యాంకులో ఉంది. ఇప్పుడు పని ఇంటికే తెచ్చుకుని కిటికీ పక్కన కూర్చుని కుడుతోంది. కళ్ల డాక్టరు మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఈ దగ్గరి పని ఇంకో ఏడేళ్లమ్మా. ఆ తర్వాత మీరు మానకపోతే కళ్లే మానేస్తాయి." నా జీతం ఇంటికీ మందులకీ సరిగ్గా సరిపోతుంది. కాబట్టి ఏడేళ్లలో ఆవిడ సూది పక్కన పెట్టగలిగేలా ఆ మొత్తం పెరగాలి. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద ప్రశ్న అది.

"బ్యాంకులో డబ్బు గుర్రుపెట్టి నిద్రపోతోంది బావా," అన్నాడు పర్సంటు. "దాన్ని లేపి ప్రపంచం మీద పెట్టాలి. అంతర్జాతీయ ఇండెక్స్ ఫండు."

"అంటే?"

"అన్ని దేశాల పెద్ద పెద్ద కంపెనీలదీ ఒక జాబితా ఉంటుంది. అందులో ఉన్నవన్నీ తలా కాస్త కొనేస్తారు. ఏది మంచిది, ఏది చెడ్డది అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. జాబితాలో ఉంటే కొనడమే."

"ఆలోచించనందుకు ఫీజు దేనికి రా?" అంది మా ఆవిడ, కాజా మీంచి తల ఎత్తకుండా.

"పద్దు పుస్తకాలు రాయాలి కదక్కా, లెక్కలు చూడాలి కదా," అని వాడు నావైపు తిరిగాడు. తెలివైనవాడు. ఎవరివైపు తిరగాలో వాడికి తెలుసు.

నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నేను బజారులో అడుగు పెడితే కూరగాయలవాళ్లు తక్కెడలు తుడుస్తారు. నాకు మాటలతో పని లేదు, కొలత కావాలి. గళ్ల కాగితం తీసి, స్కేలు పెట్టి గీతలు గీశాను. ఏడు ఫండ్లకి ఏడు అడ్డ వరసలు. పేరు, జాబితా, ఫీజు, నిరుడు వచ్చిన లాభం, ఇలా నిలువు వరసలు.

పేర్లు రాసేటప్పుడే సగం ఇంకు అయిపోయింది. ఒకటి "విశ్వం", ఇంకొకటి "విశ్వం ప్లస్". ఒకటి "కొత్త దిక్కులు", ఇంకొకటి "ధర్మపథం". రెండో నంబరుకు మాత్రం పేరు పెట్టడానికి ఎవరికీ ఓపిక లేనట్టుంది. "ప్రపంచ ఇండెక్స్" అని ఊరుకున్నారు. నలుపూ తెలుపూ కాగితం, బొమ్మ కూడా లేదు. నాలుగో నంబరు విశ్వం ప్లస్ మీద నెరిసిన జుట్టు దంపతులు సముద్రపు ఒడ్డున పగలబడి నవ్వుతున్నారు. దేనికి నవ్వుతున్నారో కరపత్రంలో ఎక్కడా రాయలేదు.

గంటసేపు కూర్చుని తేల్చాను. రెండో నంబరూ, నాలుగో నంబరూ కొనేది ఒకే జాబితా. రెండోదాని ఫీజు ఏడాదికి 0.2 శాతం, నాలుగోదానికి 1.3. కానీ నిరుటి లాభం రెండోదానికి 9.2, నాలుగోదానికి 13.

"చూశావా," అన్నాను గొంతు సవరించుకుని. "ఫీజు చూసి బెదిరిపోకూడదు. చేతికి వచ్చేది చూడాలి. తూకం అబద్ధమాడదు. నాలుగో నంబరు."

"బావా, మీరు మా ఆఫీసులో ఉండాల్సినవారు," అని పర్సంటు జేబులోంచి పెన్ను తీశాడు. ఫారం అప్పటికే నింపి తెచ్చాడు. నాలుగో నంబరుకే నింపి తెచ్చాడన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. "ఇక్కడ సంతకం పెట్టక్కా. రేపు పొద్దున్నే పంపేస్తాను."

మా ఆవిడ సూదిని రవిక భుజానికి గుచ్చుకుని వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"ఒకే తాను, ఒకే కత్తిరింపు అంటున్నారు. మరి ఒకదాంట్లో తొమ్మిది చొక్కాలూ, ఇంకోదాంట్లో పదమూడూ ఎలా వచ్చాయి? అదీ, గుడ్డ ఎక్కువ తినేసినవాడి దగ్గరే ఎక్కువ వచ్చాయా?"

"అది మేనేజ్‌మెంటు అక్కా."

"ఎవరూ బుర్ర పెట్టరన్నావుగా ఇందాక?"

ఆవిడ కిటికీ దగ్గర నుంచి తన భూతద్దం తెచ్చుకుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం కుట్టేటప్పుడు వాడే భూతద్దం అది. కళ్లు బాగున్న మేమిద్దరం పెద్ద అక్షరాలతో సరిపెట్టుకున్నాం. కళ్లు పోతున్న మనిషి కాబట్టి అద్దం పెట్టుకుని, కరపత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివింది.

"ఏమండీ, ఈ తెల్ల కాగితం కింద 'లాభం డాలర్లలో' అని ఉంది. ఈ నవ్వేవాళ్ల కాగితం కింద 'లాభం దేశీయ కరెన్సీలో' అని ఉంది. రెండూ ఒకటేనా?"

నాకు చెవులు వేడెక్కాయి.

"మా ఫ్యాక్టరీలో ఒకసారి మూడు వందల కాలర్లు పాడైపోయాయి," అంది ఆవిడ, నావైపు చూడకుండా. నావైపు చూడకపోవడం ఆవిడ మంచితనం. "కత్తిరించేవాడు టేపుకి ఈవైపు అంగుళాలు చూశాడు, రాసుకునేవాడు ఆవైపు సెంటీమీటర్లు రాసుకున్నాడు. ఇద్దరూ తప్పు కొలవలేదు పాపం."

అంతకుముందు నెలలోనే, గజం కర్రతో కొలిచి మీటరు ధర వసూలు చేస్తున్నాడని ఒక గుడ్డల వ్యాపారికి జరిమానా వేశాను. అతను బతిమాలుతుంటే, "చదువుకున్నవాడివి, రెండు కొలతలకీ తేడా తెలియదా?" అని నలుగురిలో గదమాయించాను కూడా. ఇప్పుడు అతని ముఖం మా వంటింటి గోడ మీద కనబడింది.

"పర్సంటూ, నిరుడు డాలరు ఎంత పెరిగింది?" అన్నాను.

వాడి వేలు ఫోను మీద అంత నింపాదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. "నాలుగున్నర శాతం."

"అయితే రెండో నంబరు మన డబ్బులో ఎంతయింది?"

"పద్నాలుగు... పాయింట్ ఒకటి."

పద్నాలుగు పాయింట్ ఒకటి ఒకవైపు, పదమూడు ఒకవైపు. ఆ తేడా సరిగ్గా ఫీజుల తేడా. లక్షకు ఏడాదికి పదకొండు వందలు. ఆ సముద్రపు ఒడ్డు దంపతులు ఎందుకు నవ్వుతున్నారో తెలిసింది.

"నాలుగో నంబరులో నీకెంత వస్తుందోయ్?"

"బావా, అక్క దగ్గర నేను తీసుకుంటానా? కంపెనీ ఇస్తుందంతే."

"కంపెనీకి ఎవరిస్తారు?"

వాడు టీ కప్పులోకి చూశాడు. అందులో ఏమీ లేదు. కానీ పర్సంటు ఓడిపోయి లేచిపోయే రకం కాదు. "సరే అక్కా, ఒక్కదాని మీదే పెట్టడం దేనికి? నాలుగింట్లో తలా కాస్త పెట్టు. ఒకటి పడితే ఇంకోటి నిలబెడుతుంది."

ఆవిడ నాలుగు కరపత్రాలు పక్కపక్కన పెట్టి, ప్రతిదాంట్లో ఉన్న కంపెనీల పేర్ల మీద అద్దం జరుపుకుంటూ వెళ్లింది. "మొదటి పది పేర్లు మూడింట్లో ఒకటే రా. ఒకే చొక్కాని మూడు కవర్లలో పెట్టి మూడు చొక్కాలంటున్నావు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆ రోజు నవ్వే హక్కు నాకు లేదు.

రెండో నంబరు పూర్తి జాబితా పర్సంటు ఫోనులో ఉంది. ఆవిడ అడిగి తీసుకుని, అద్దంతో ఒక్కో పేరే చూసుకుంటూ పోయింది. ఒకచోట అద్దం ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

"మా వాళ్లున్నారు," అంది. ఫ్యాక్టరీ కొని తాళం వేసిన ఆ బట్టల కంపెనీ, ఎక్కడో తొమ్మిది వందల చిల్లర నంబరులో. "అంటే నన్ను గెంటేసినవాళ్లలో నాకూ వాటా ఉంటుందన్నమాట."

వంటింట్లో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. రోజూ పొద్దున దేవుడి ముందు నిలబడి అందరూ బాగుండాలని అంటాను. ఆ 'అందరి'లో ఆ కంపెనీ కూడా ఉందా అని అంతకుముందు ఎప్పుడూ ఆయన్ని అడగలేదు.

పర్సంటు ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఇలాంటి బాధ ఉన్నవాళ్ల కోసమే ధర్మపథం పెట్టారక్కా! చెడ్డ కంపెనీలన్నీ ఏరి పారేస్తారు. ఫీజు ఒకటి పాయింట్ ఆరు. కాస్త ఎక్కువే..."

"ధర్మానికీ ఫీజు ఎక్కువేనా? సరే, అందులో మా వాళ్లు లేరా, చూడు."

వాడు ఫోను తీసుకుని వెతికాడు. వెతుకుతూ వెతుకుతూ ముఖం మాడ్చుకున్నాడు.

"ఉన్నారు," అన్నాడు మెల్లగా. "కార్మికుల సంక్షేమానికి మంచి మార్కులు వచ్చాయట. అందుకని కాస్త ఎక్కువే కొన్నారు."

మా ఆవిడ నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, పమిట చెంగుతో అద్దం తుడుచుకుంది. తర్వాత నాలుగో నంబరు ఫారాన్ని రెండుగా చించి, "రెండోదానికి ఫారం ఇవ్వు," అంది.

"వాళ్లున్నారు కదే అందులో?" అన్నాను.

"ఏడింట్లోనూ ఉంటారండీ. వాళ్ల మీద అలిగితే నా కళ్లకు ఇంకో ఏడేళ్లు ఎవరిస్తారు? మీరిస్తారా?"

సంతకం చేసింది. దేవుడి ముందు పెట్టనా అని అడిగాను. "ఆయనకెందుకు ఈ తలనొప్పి," అంది.

మూడో నెలలో ప్రపంచం మొత్తం పడిపోయింది. పర్సంటు రోజూ ఫోను చేసి, ఎంత శాతం పడిందో పరామర్శకు వచ్చినవాడి గొంతుతో చెప్పేవాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని, "తూకం వేస్తున్నప్పుడు పళ్లెం ఊగుతుంటే మీరేం చేస్తారు?" అని అడిగింది. ఆగేదాకా చూస్తానన్నాను. "ఏడేళ్లకు ఆగుతుంది," అని పెట్టేసింది. ఆగుతుందో లేదో ఆవిడకీ తెలియదు. నాకు తెలుసు, ఆవిడకి తెలియదని.

ఏడాది నిండాక ఫండు నివేదిక వచ్చింది. మొత్తం మీద కాస్త పెరిగింది. ఆ ఆదివారం పర్సంటు కూడా ఉన్నాడు. మా ఆవిడ వాణ్ని ఒక్క పేరే వెతకమంది. వాడు ఫోనులో ఆ బట్టల కంపెనీ వార్త తీసి చదివాడు. మూడు ఫ్యాక్టరీలు మూసి ఖర్చులు తగ్గించుకున్నందుకు షేరు పెరిగిందట.

"ఆ మూడింట్లో ఒకటి మాది," అంది ఆవిడ. "నా వంతుకు ఎంతొచ్చింది?"

వాడు చాలాసేపు లెక్క కట్టాడు. సున్నాలు ముందు వస్తున్నాయి, అంకె చివర వస్తోంది. ఆఖరికి, "ఒక బొత్తం ఖరీదు వచ్చుంటుందక్కా," అన్నాడు.

"రెండు కన్నాలదా, నాలుగు కన్నాలదా?"

వాడు నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. "రెండు కన్నాలదే."

"సరే. ఇంకా ఆరేళ్లుంది," అంది. సూదీ దారమూ నా చేతికిచ్చింది, ఎక్కించమని. నిరుటిదాకా తనే ఎక్కించుకునేది.