సంజన చేతికంటిన సుద్ద

"అక్కా, ఇదొక్కటి జర సమజయ్యేటట్టు చెప్పవా? రేపు క్లాసున్నది" అంటూ సంజన వంటింటి గట్టెక్కి కూర్చుంది. నేను జొన్నరొట్టెలు కొడుతున్నాను. సంజన నా యారాలు, మరిది ధనరాజ్ భార్య. మొయినాబాద్ రోడ్డు మీది ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకు జపనీస్ చెబుతుంది. ఆమెకు జపనీస్ చెప్పేది నేను. ఈ సంగతి మా వంటిల్లు దాటి ఎవరికీ తెలియదు.

"ఏందది?"

"ససెరరెరు. ఇంగ్లీషుల చదివితే తలకాయ తిరుగుతున్నది."

"ఇంగ్లీషుల చూడకు, తెలుగుల చూడు. తినుడంటే తబెరు. ఎవరన్న తినిపిస్తే తబెససెరు, అది కింది అంతస్తు. దాని మీద ఇంకో అంతస్తు లేపు. చేయించబడుడు అంటం గదా, గా 'బడుడు'. తబెససెరరెరు. నాకిష్టం లేకున్నా నాతోని తినిపించిన్రు అని. అమ్మ బలవంతంగ కూరగాయలు తినిపించిందనుకో, 'వతాషి వ హహ ని యసాయ్ ఓ తబెససెరరెమషిత.' తిన్నది నేను గాబట్టి నేను ముందట. తినిపించిన అమ్మ ఎన్క 'ని' పెట్టాలె. మనోళ్ళు అలవాటు కొద్దీ అమ్మను ముందటేస్తరు, పిల్లలు ఆడనే తప్పుతరు."

"ఇష్టంగ తింటే?"

"ఇష్టంగ తింటే గీ మాటెందుకు? గిది ఏడ్సుకుంట చేసినోళ్ళ మాట."

సంజన ముఖం వెలిగింది. రెండు అంతస్తులు, రెండు అంతస్తులు అనుకుంటూ వెళ్ళిపోయింది. పెనం మీద రొట్టె మాడింది.

నాకు సంజన మీద కుళ్ళు. దాచుకునేదేముంది? ఆమె జీతం మీద కాదు, కారు మీద కాదు, మెడలో వేసుకునే కాలేజీ కార్డు మీద కూడా కాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంటుంది చూడండి, దాని మీద. ఆ చేతులు కడుక్కోకుండానే సోఫాలో వాలుతుంది. మా అత్త గోపమ్మ వెంటనే కేకేస్తుంది, "అరుణా, పిల్ల అలసిపోయొచ్చింది, జర చాయ్ పెట్టు." తెల్లారకముందు లేచి తోట దగ్గర తొట్లో దిగి క్యారెట్లు తొక్కి కడిగి, బస్తాలు కట్టించి, వచ్చి ఇంత మందికి వండే నేను అలసిపోతానని ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టకపోయేది. సంజన వచ్చాకే తెలిసింది, అలసట కూడా కొందరికే ఇస్తారని.

నిజానికి ఆ ఉద్యోగానికి కాలేజీ వాళ్ళు మొదట పిలిచింది నన్ను. పెళ్ళికి ముందు మెహదీపట్నంలో జపనీస్ నేర్చుకుని రెండు పరీక్షలు పాసైన దాన్ని. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పిల్లలను జపాన్‌కు పంపుతున్న రోజులు, నాలుగు ముక్కలొస్తే చాలు కళ్ళకద్దుకుంటున్నారు. రాజకీయాల్లో తిరిగే మా ఆయన ప్రభాకర్ అన్నం కలుపుకుంటూ తేల్చేశాడు: "ఎలక్షన్లు ముంగటున్నయ్. పెద్దకోడలు బస్సులెంబడి తిరిగితే ఊళ్ళె ఏమనుకుంటరు?" ఏడాది తిరక్కుండానే ఇంజనీరింగ్ చదివిన సంజన కోడలిగా వచ్చింది. కాలేజీలో ఏదో చిన్న జపనీస్ కోర్సు చేసిందట. "చదువుకున్న కోడలు, ఇంట్ల కూసుండబెడితే ఏం లాభం?" అన్నదీ ఆయనే.

మొన్న చేవెళ్ళ చౌరస్తాలో ఫ్లెక్సీ చూశాను. షేర్ ఆటోలో బస్తాల నడుమ ఇరుక్కుని ఉన్నాను. దండం పెడుతూ ప్రభాకర్, పక్కన సంజన ఫొటో, కింద "మన ముడిమ్యాల కోడలు, జపనీస్ లెక్చరర్" అని పెద్దక్షరాలు. నా మొగుడి పక్కన! ఆటోలో జంగమ్మవ్వ నా మోకాలు తట్టింది. "గీమె మీ యారాలే గదా? మస్తు సదివింది. నువ్వేం సదివినవ్ బిడ్డా?"

"ఏం లేదవ్వా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఇంటికొచ్చి గిన్నెలన్నీ దడదడలాడించాను.

రెండంతస్తుల పాఠం చెప్పిన మర్నాడు సాయంత్రం సంజన ఎగురుకుంటూ వచ్చింది. "అక్కా, రెండంతస్తుల ముచ్చట చెప్తే పిల్లలు చప్పట్లు కొట్టిన్రు! మేడం, గిట్ల ఏ బుక్కుల లేదన్నరు."

"నువ్వేమన్నవ్?"

"నేనే ఆలోచించిన అన్న." నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. "అక్కా, ఇంకో సంగతి. రెండో బ్యాచికి ఇంకొకరు కావాల్నట. రేపే డెమో. ఎవరన్న తెలుసా అని పెద్దసారు అడిగిండు."

పిండి పిసుకుతున్న దాన్ని ఆమె వైపు తిరిగాను. "చెప్పినవా?"

"లేదు." చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. "నువ్వొస్తే నా సంగతి బయటపడ్తది. నీకెంతొస్తదో, నాకెంతొస్తదో. నువ్వు రొట్టెలు కొట్టుకుంట చెప్పేది నాకు రాత్రంతా చదివినా రాదు. నిన్ను చూస్తే కడుపు మండుతది అక్కా."

కోపం రావాలి. రాలేదు. ఒట్టు, లోపల పండగయింది. నన్ను చూసి ఒకరు కుళ్ళుకున్నారు! జొన్నపిండి చేతులతో నిలబడి ఆ మాట మళ్ళీ మళ్ళీ చప్పరించాను. ఆ తర్వాత సంజన ముఖం చూస్తే జాలేసింది. మేమిద్దరం ఇక్కడ ఒకరి కడుపు ఒకరం కాల్చుకుంటున్నాం. ఇద్దరికీ కలిపి ఒకే కుర్చీ వేసినవాళ్ళు హాల్లో టీవీ చూస్తున్నారు.

కాలేజీకి ఫోన్ చేసి పేరు రాయించుకుని, అన్నాల దగ్గర చెప్పాను, రేపు డెమోకు పోతున్నానని. ప్రభాకర్ చేయి కంచంలోనే ఆగింది. "నీకు దిమాక్ ఉన్నదా? ఎవరినడిగినవ్?" అత్త నోరు నొక్కుకుంది. "మరి వంటెవరు చేస్తరే?"

"ఆకలైనోళ్ళు" అన్నాను.

పొద్దున సంజన కారెక్కమంది. ఎక్కలేదు. ఆమె కారులో ఆమె పక్కన దిగితే ఆమె తెచ్చిన మనిషినవుతాను. షేర్ ఆటో ఎక్కి, ఆమెకన్నా ముందు చేరాలని ఆటోవాణ్ణి తొందరపెట్టాను. జాలి జాలే, కుళ్ళు కుళ్ళే. ఆ పూట సుద్దముక్క పట్టుకున్న నా వేళ్ళు బోర్డు మీద ఒక్కసారీ తడబడలేదు. వెనక బెంచీలో సంజన నోరు తెరుచుకుని విన్నది.

అయిపోయాక పెద్దసారు దగ్గరికొచ్చారు. "బాగుంది మేడం. మీదీ ముడిమ్యాలేనా? సంజన మేడంకు ఏమవుతారు?"

సంజన నా వైపు చూసింది. వద్దక్కా అన్నట్టుగా తల అడ్డంగా ఊపింది. యారాలినని చెప్పి ఆమె పరువు కాపాడవచ్చు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో అందరి పరువూ అట్లాగే కాపాడాను.

"ఆమెకు టీచర్‌ని" అన్నాను.