పదకొండుంపావు లోపల

నాకు కోపం ఎక్కువని తిరువూరులో తెలియనివాళ్లు లేరు. ఆ శుక్రవారం మాత్రం నా కోపంలో న్యాయం ఉందనే అనుకున్నాను.

మా అమ్మాయి హాసినికి ఉద్యోగం పరీక్ష. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో రాయాలి. పదకొండింటికి మొదలు. పదకొండుంపావు దాటితే ఇక లోపలికి రానివ్వరు. రాస్తున్నంతసేపూ మైకులో ఇంకో గొంతు వినపడకూడదు, వినపడితే పరీక్ష రద్దు. కంపెనీవాళ్లు పోయిన వారమే మా కంప్యూటర్ని చూసి, దాని మీదే రాయాలన్నారు. మంగళవారం కరెంటు ఎక్కువై అది కాస్తా పొగ కక్కింది. ఇప్పటికే మూడుసార్లు చివరిదాకా వెళ్లి పోగొట్టుకున్న పిల్ల. ఇదీ పోతే ఇక ఏ పరీక్షా రాయనని తేల్చి చెప్పేసింది.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే సైఫ్‌కి ఇచ్చాను. వాళ్ల నాన్న ఖాదర్‌బాషా మా మామిడితోట మోటార్లకి ఇరవై ఏళ్లు వైండింగు చేసినవాడు. పొద్దున తొమ్మిదింటికల్లా సైఫ్ కంప్యూటర్ తెచ్చి బిగించాడు.

"కరెంటు డబ్బా మార్చాను బాబాయ్. షాపులో రెండు గంటలు ఆడించి చూశాను, ఢోకా లేదు," అని వెళ్లిపోయాడు.

రిపేరు నుంచి వచ్చిన వస్తువుని మా ఇంట్లో ఊరికే ఆన్ చెయ్యం. ట్రాక్టరైనా, బోరు మోటారైనా, స్టార్టర్ మీద బొట్టు పెట్టాకే నొక్కుతాం. ఖాదర్‌బాషా కూడా "బొట్టు పెట్టుకోండి, అప్పుడు నొక్కుదురుగాని" అని పక్కకి జరిగేవాడు. కంప్యూటర్‌కీ ఏ లోటూ చెయ్యలేదు. తడి గంధం దిట్టంగా పెట్టి, మీద కుంకుమ అద్దాను. పదిన్నరకి హాసిని దణ్ణం పెట్టుకుని నొక్కింది.

ఫ్యాను గిర్రున తిరిగింది. అయిదు లెక్కపెట్టేలోగా ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. ప్లగ్గు మార్చాను, వైర్లు పీకి పెట్టాను. అదే వరస. హాసిని గోళ్లు కొరుక్కుంటూ మంచం మీద కూర్చుంది. దాని ముఖం చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది.

మేడ మీద మా వసారాలోకి వచ్చి సైఫ్‌కి ఫోను చేశాను. "ఏరా, కొత్త డబ్బా అని చెప్పి ఏ పాత సరుకు అంటగట్టావురా? మంచి సామాను ఏం పీకేసుకున్నావు? దొంగ వెధవా! మీ నాన్న కడుపున చెడబుట్టావు!"

నా గొంతుకి వీధి వీధంతా తలెత్తి చూసింది. ఎదురుగా జెరాక్స్ షాపు బసవపున్నయ్య, అక్కడ కాగితాల కోసం నిలబడ్డ నలుగురూ బయటికి వచ్చారు. ఆగానా? "ఖాదర్‌బాషా కొడుకే ఇంత మోసం చేశాడండీ!" అని వాళ్లకీ చెప్పాను.

సైఫ్ పదమూడు నిమిషాల్లో వచ్చాడు. పక్క రేకు విప్పి వైర్లన్నీ నొక్కి చూశాడు. చిన్న పలక లాంటిదేదో తీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. ఆన్ చేశాడు. తిరిగింది, ఆగింది. పదకొండు దాటింది. నేను నెత్తి మీద నిలబడి తిడుతూనే ఉన్నాను. పదకొండూ ఎనిమిది. హాసిని ఏడుపు మొదలెట్టింది.

అప్పుడు సైఫ్ వంగి బటన్ వైపు చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత హాసినికి కనపడకుండా అడ్డంగా కూర్చుని, జేబులోంచి చిన్న సీసా తీసి, దూదిపుల్లలు ఒక్కొక్కటే తడిపి బటన్ చుట్టూ తిప్పాడు. లోపల ఏదో టక్కుమని పైకి లేచింది. నొక్కాడు. ఈసారి ఆగలేదు.

"కూర్చోమ్మా," అన్నాడు.

పదకొండూ పన్నెండుకి హాసిని పరీక్ష లోపలికి వెళ్లింది. సైఫ్ నేల మీద పడేసిన దూదిపుల్లలు ఏరుకుంటుంటే చూశాను. అన్నీ ఎర్రగా ఉన్నాయి. మోటారు స్టార్టర్ బొటనవేలంత ఉంటుంది, ఎంత బొట్టయినా తట్టుకుంటుంది. ఇది చిటికెనవేలి గోరంత. నా గంధం సందులో ఎండి, నొక్కిన బటన్‌ని పైకి లేవనివ్వలేదు. అయిదు సెకన్లు బటన్ నొక్కే ఉంచితే ఏ కంప్యూటరైనా ఆరిపోక ఏం చేస్తుంది?

తప్పు నాదని ఎందుకు చెప్పలేదని వాణ్ణి నిలదీద్దామని నోరు తెరిచాను. మైకు గుర్తొచ్చి మూసుకున్నాను. వాడు పుల్లలు జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

"ఏంట్రా లోపం?" బసవపున్నయ్య అడగడం పైన వసారాలోకి వచ్చిన నాకు వినపడింది.

"నాదే పొరపాటండి. వైరు సరిగా బిగించలేదు."

"అయితే నీకు రిపేరుకిచ్చిన నా ప్రింటరు విప్పకు. సాయంత్రం వచ్చి తీసుకుపోతా."

నా మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. వాడి మీద కూడా వచ్చింది. ఎవడు అడిగాడు వీణ్ణి నా తప్పు మొయ్యమని? వసారాలోంచి ఒక్క కేక వేస్తే వీధంతా వింటుంది. కిటికీ అవతలే నా కూతురు కూర్చుని ఉంది.

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. సైఫ్ భుజం పట్టుకుని ఆపి, "తప్పు వీడిది కాదండీ, నాది. నా బొట్టు వల్ల బటన్ ఇరుక్కుంది," అన్నాను.

"ఏంటీ?" అన్నాడు బసవపున్నయ్య. "కాస్త గట్టిగా చెప్పండి, వినపడలేదు."

గట్టిగా చెప్పే వీలు లేదు. అతని చెవి దగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పాను. కాగితాలు పట్టుకుని నిలబడ్డ నలుగురి దగ్గరికీ వెళ్లి, ఒక్కొక్కరి చెవిలో, దొంగ అన్నందుకు సిగ్గుపడుతున్నానని కూడా చెప్పాను.