వేలు దిగని మడి

చూపుడువేలు మడిలోకి దిగలేదు.

చంద్రవ్వ ఇంకోచోట పొడిచి చూసింది. అక్కడా దిగలేదు. మూలకు పోయి, బొటనవేలు ఆనించి, ఒంట్లో బరువంతా దాని మీద మోపింది. గోరు విరిగింది గానీ మడి చలించలేదు. నిన్న మాపటిదాకా మోచేతి లోతు చెయ్యి పెట్టి కలియదిప్పి, పెంట కలిపి, దూదిలా గుల్లచేసి వదిలిపెట్టి పోయిన మడి అది! తెల్లారి చూస్తే పండక్కి అలికిన అరుగులా నున్నగా మెరుస్తోంది. దాని మీద విస్తరి వేసుకుని భోంచెయ్యొచ్చు. నలుగురు కూర్చుని పంచాయితీ పెట్టొచ్చు. మెంతులు చల్లడం తప్ప ఏ పనైనా చెయ్యొచ్చు.

"మల్ల కొట్టినవా?"

మడికి అవతల ఆమె మొగుడు ఇస్తారి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పెదాల మధ్య వెలిగించని బీడీ. డాక్టరు పొగ తాగొద్దన్న నాటినుంచీ దాన్ని అలా ఊరికే పట్టుకుని తిరుగుతుంటాడు. పక్కన మట్టి బిగగొట్టే అతని దిమ్మిస ఉంది. నడుమెత్తు మద్దిదిమ్మె, పైన పట్టుకోవడానికి అడ్డకర్ర, కింద అరిగి నున్నబడిన మొద్దు.

"కొట్టలేదే. జర సదిరిన. గుల్లగుంటె ఆగుతదా?"

"ఏం ఆగాలయ్యా? దాని మీద ఏమన్న గుట్ట కూలుతుందా?"

ఇస్తారి తలెత్తి ఆకాశం వంక అనుమానంగా చూశాడు. "సెప్పరాదు," అన్నాడు.

చంద్రవ్వకు నెత్తి బాదుకోవాలనిపించింది. బాదుకుంది కూడా.

ఆ తోటకు ఒక పేరుండేది. నైజాం కాలంలో బొగ్గుబాయి మేనేజరు పెళ్ళాం గులాబీలు పెంచిన చోటు కాబట్టి దొరసాని తోట అనేవారు. వాళ్ళు పోయాక దాన్ని పట్టించుకున్న మనిషి లేడు. కంపెనీ దవాఖాన వెనకాల ఉండటమే దాని పాపమైంది. బాయిలరు బూడిద, పగిలిన మందుసీసాలు, చీము గుడ్డలు, కాళ్ళు విరిగిన ఇనపమంచాలు, ఏది వద్దనుకుంటే అది అక్కడ పారేశారు. మిగిలిన జాగా సర్కారు తుమ్మ ఆక్రమించుకుంది. ఆ దవాఖానలోనే ఆయాగా పనిచేస్తున్న చంద్రవ్వ రోజూ గుడ్డలు ఉతికి ఆరేస్తూ ఆ జాగా వంక చూసేది. ఆమెది సుల్తానాబాదు పక్క ఊరు, వరిపొలాల మధ్య పుట్టింది. పెళ్ళై ఈ బొగ్గూరికి వచ్చాక ముగ్గులో తెలుపు కూడా పూట తిరక్కుండా నల్లబడటం చూసింది గానీ, తన చేత్తో ఒక్క ఆకు మొలిపించింది లేదు. ఒకనాడు ధైర్యం చేసి డాక్టరును అడిగింది. వార్డులో రోగులు పొద్దూమాపూ నీళ్ళచారే తాగుతున్నారు, ఆ జాగా ఇస్తే కూరాకు వేస్తానంది. డాక్టరు సరేనన్నాడు. అయితే కాంపౌండరు దశరథానికి అక్కడ సైకిళ్ళ షెడ్డు కావాలి. అతను పోరగా పోరగా చివరికి డాక్టరు ఒక గడువు పెట్టాడు. వచ్చే ఆదివారం తాను చూడ్డానికి వచ్చేసరికి పచ్చగా ఏదైనా కనిపిస్తే తోట, లేకపోతే షెడ్డు.

బూడిద నేలలో గడ్డపార దిగదు, దిగినా గాజుముక్కలే. అందుకని నేల మీదే ఎత్తుగా మళ్ళు కట్టి, ఒర్రెలోని ఒండ్రుమట్టి తెచ్చి నింపుదామని ఆలోచన చేసింది చంద్రవ్వే. ఎండాకాలమంతా తట్టలతో మట్టి మోసి నడినెత్తి బొప్పి కట్టింది కూడా ఆమెకే. మళ్ళు నేను కడతానని ఇస్తారి అన్నప్పుడు ఆమె సంబరపడింది చూడండి, అక్కడ తప్పు జరిగింది.

ఇస్తారి బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసేసిన చోట కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం, మరీ ప్రమాదమనిపిస్తే దిమ్మెల్ని రెండిటు రెండటు పేర్చి గూడులా కట్టి, లోపల రాళ్ళూ మట్టీ కూరి దిమ్మిసతో బిగగొట్టడం అతని పని. దాన్ని చాక్ అంటారు. దమ్ము పట్టుకుని, నాలుగడుగులకు ఊపిరందక, ఇక బాయి దిగొద్దని డాక్టర్లు కాగితం రాసిచ్చేదాకా అదే పని చేశాడు. ఇప్పుడు మళ్ళంటే కూడా అదే కట్టాడు! చెత్తయార్డు కావలి కొమురెల్లిని బతిమాలి, బాయిలోంచి పీకేసిన పాత దిమ్మెలు, బాయిలరు ఇటుకలు, బొగ్గుటబ్బుల తుప్పురేకులు తెచ్చి, మూలల దగ్గర గాట్లు పెట్టి, ఒక్క మేకు కొట్టకుండా మోకాలెత్తున మళ్ళు లేపాడు. దున్నపోతు వచ్చి వీపు రుద్దుకున్నా కదల్లేదు. అందరూ వచ్చి మెచ్చుకుని పోయారు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! లోపల మట్టి వదులుగా ఉందని తెలిస్తే ఇతనికి నిద్ర పట్టదు. చంద్రవ్వ గుల్ల చేస్తుంది, ఇతను కొడతాడు. ఆమె మళ్ళీ తవ్వుతుంది, ఇతను మళ్ళీ కొడతాడు. మొదటిసారి చల్లిన గింజలు అరుగు మీద ఆరబోసినట్టుండి గోరింకల పాలయ్యాయి. రెండోసారి పగులులోంచి ఏవో నాలుగు తలెత్తితే, కంచె సందులోంచి దూరిన గోడవతలి సరోజన మేక వాటిని కొరుక్కుతింది. ఇప్పుడు చెంగు ముడిలో ఉన్నవే ఆఖరి మెంతులు. ఇవాళ పడితేనే ఆదివారానికి మొలక.

గడ్డపార తెచ్చి మడిని మళ్ళీ పెళ్ళగించింది. పెళ్ళగిస్తుండగానే దవాఖాన గంట కొట్టారు. గింజలు చల్లే తీరిక లేదు. పోతూ పోతూ దిమ్మిసను చంకన పెట్టుకుని లోపలికి పట్టుకుపోయి, వార్డులో ఖాళీ మంచం కిందకు తోసేసింది.

"ఏం చంద్రవ్వా, రోకలిగిట్ల తెచ్చినవా? మందులు దంచుతవా ఏంది?" అన్నాడు దశరథం, సీసాల వెనకనుంచి.

"మా ఇంటాయన రోగానికి మందు సారూ. దాసిపెడితెనే పనిజేస్తది."

"షెడ్డుకు రేకులు చెప్పిపెట్టమంటవా మరి?"

"ఐతారం రానియ్యి సారూ. ఆకు జూసినంక చెప్పు."

నోటితో గట్టిగానే అంది గానీ చెంగు ముడిలో మెంతులు ఉన్నాయో లేదో తడిమి చూసుకుంది.

మధ్యాహ్నం జొన్నగటక, పచ్చిపులుసు పట్టుకుని వెనక్కి పోయేసరికి, కంచె సందు దగ్గర ఇస్తారి సరోజన మేకతో కొమ్ముల పోట్లాటలో ఉన్నాడు. ఇతను కొమ్ములు పట్టి బయటికి నెడుతున్నాడు, అది లోపలికి నెడుతోంది. గోడ మీదనుంచి సరోజన చూస్తోంది.

"ఓ బావా! మెల్లగ! సూలుతోటి ఉన్నదది!"

"సూలుతోటి ఉంటె నీ ఇంట్ల కట్టేసుకో సరోజనా, మా మడిల పురుడు వోస్తవా?" అని చంద్రవ్వ గటక గిన్నె కింద పెట్టి మేకను ఒక్క తన్ను తన్నింది. మేక పోయింది. సరోజన సణుగుతూ దాని వెంట పోయింది. ఇస్తారి అక్కడే కూలబడి, చేపలా నోరు తెరిచి గాలి కోసం వెతుక్కున్నాడు. చంద్రవ్వ వీపు రాసింది. ఊపిరి కుదుటపడటానికి చాలాసేపు పట్టింది. కుదుటపడగానే అన్న మొదటి మాట:

"నా దిమ్మిస యాడ?"

"బాయిల పడ్డది."

"పరాచికాలాడకు. మడి గుల్లగున్నది. ఒక్కసారి సదురుత."

"నీ కాళ్ళు మొక్కుత, నువ్వు సదరకు! ఏం పగవట్టినవయ్యా నా మీద? ఎండల మట్టి మోసి సచ్చిన. ఇంకొకడైతె పెండ్లాం కష్టం జూసి నీళ్ళన్న వోస్తడు, నువ్వు బండ జేస్తున్నవ్!"

ఇస్తారి గటక ముద్ద చేతిలో పెట్టుకుని తినలేదు. "బాలమల్లుగాని చాక్ ఎందుకు కూలిందో ఎరుకేనా నీకు?"

ఎరుకే. ఎన్నిసార్లు విన్నదో! వేరే షిఫ్టువాళ్ళు తొందరగా ఇంటికి పోవాలని లోపల వదులుగా కూరి వదిలేసిన చాక్ అది. దాని పక్కన అన్నం మూట విప్పుకుని కూర్చున్న జతగాడు బాలమల్లును రాళ్ళ కిందనుంచి తీసింది ఇస్తారే. ఆ రోజు ఇంటికి వచ్చి, ఒంటి బొగ్గు కడుక్కోకుండానే, వంటింటి పొయ్యిగడ్డను దిమ్మిసతో కొట్టాడు. నాటినుంచి అతను నిలబెట్టిన కప్పు ఎవరి మీదా పడలేదు. అతనికి చెప్పుకోవడానికి జీవితంలో ఉన్నది ఆ ఒక్కటే. చంద్రవ్వకు ఇవన్నీ తెలుసు. తెలిసి ఉండటం వల్ల కోపం ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే తెలిశాక సరిగ్గా తిట్టడానికి కూడా వీల్లేదు.

"గిక్కడ కప్పు లేదయ్యా," అంది, గొంతు తగ్గించి. "పైన మొగులే. ఏదీ మీద వడదు. నువ్వు ఎంతసేపు పైది కిందికి రాకుండ సూస్తున్నవ్. గింజ కిందికెల్లి పైకి రావాలె గదా?"

ఇస్తారి మడి వంక చూశాడు. చిన్ననాడే బాయి దిగినవాడు. చీకట్లో పోయి చీకట్లో వచ్చినవాడు. మొలకెత్తడాన్ని దగ్గర కూర్చుని చూసిన మనిషి కాదు.

"ఎంత సందు గావాలె దానికి?"

"ఊపిరాడేటంత," అని విసుక్కుంటూ గిన్నె కడుక్కోవడానికి లేచింది. అంతలోనే లోపలినుంచి దశరథం కేక. ఎవరికో చెయ్యి నలిగిందట, కట్టు మార్చాలి, వేడినీళ్ళు కావాలి, ఇప్పుడే కావాలి. చంద్రవ్వ చెంగు ముడి విప్పింది. ఇంకో దారి లేదు. మెంతుల్ని మొగుడి దోసిట్లో పోసింది.

"పలసగ జల్లు. పైన జరంత మట్టి జల్లి ఇడువు. ముట్టకు మల్ల. కొడితివా, నేను మా తమ్ముని ఇంటికి పోత, మల్ల రాను."

ఇస్తారి దోసిలి కళ్ళ దగ్గరికి ఎత్తుకున్నాడు. గింజలను చూస్తూ నిలబడ్డాడు.

వార్డులో నీళ్ళు కాచి, నెత్తుటిగుడ్డలు నానబెట్టి, నేల తుడుస్తూ తుడుస్తూ ఖాళీ మంచం కిందకు గుడ్డ పోనిచ్చింది. ఏదీ తగల్లేదు. వంగి చూసింది. దిమ్మిస లేదు!

అప్పుడే వెనకనుంచి వినిపించింది. ధన్. ధన్. ధన్.

"సారూ, జర పోయొస్త!"

"యాడికి? ఈయన చెయ్యి నువ్వు పట్టుకోకపోతే నేను కట్టెట్ల కట్టాలె?"

రోగి చెయ్యి పట్టుకుని నిలబడింది. ధన్. ఒక్కో దెబ్బ మట్టి మీద కాదు, తన నడినెత్తి మీద పడినట్టే ఉంది. ధన్. పోయినాయి మెంతులు. ధన్. వచ్చింది సైకిళ్ళ షెడ్డు. మధ్యలో దగ్గు, కాసేపు నిశ్శబ్దం, హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ ధన్. "మొండిముండ కొడుకు," అంది పైకే. తననేమో అనుకుని రోగి బిత్తరపోయాడు. కొంతసేపటికి చప్పుడు ఆగింది. ఆగి ఇక లాభమేముంది, అయ్యేదంతా అయ్యాక!

సాయంత్రం షిఫ్టు మారే బాయి కూత కూసేసరికి పని తెమిలింది. చెంగు నడుముకు బిగించి, ఎదురొచ్చినవాళ్ళను పక్కకు నెట్టుకుంటూ వెనక్కి నడిచింది. ఇస్తారి మడికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలింది. అలసిపోయి ఉంటాడు మరి, అంత కొట్టాక!

"అయ్యిందా? కడుపు సల్లగయ్యిందా? దాసినది తెచ్చుకోని మరీ కొట్టినవ్ గదా! నేను సెప్పింది మాట గాదు నీకు. నా బతుకంత గింతే. బాయికి పోతె బాయే, ఇంట్ల ఉంటె బాయే. ఒక్క మడి అడిగిన నిన్ను, ఒక్క మడి. మాట్లాడవేంది? ఇగో, నీ కండ్లతోటి నువ్వే సూడు, యాడన్న వేలు దిగుతదేమో సూడు!"

అంటూ కసిగా వేలు పొడిచింది.

వేలు దిగింది. వేలే కాదు, చెయ్యి మణికట్టుదాకా దిగిపోయింది. మట్టి పిండిలా ఉంది. పక్కన తువ్వాల పరిచి ఉంది. దాని మీద రాళ్ళు, బొగ్గుచూరు, గాజుపెంకులు ఒక్కొక్కటే ఏరి కుప్పపోసి ఉన్నాయి. మడి మీద ఈ చివరనుంచి ఆ చివరకు వేళ్ళతో దువ్విన చారలు. కంచె వైపు చూస్తే మేక దూరే సందు లేదు. అక్కడ దిమ్మిస నిటారుగా పాతి ఉంది, దాని చుట్టూ బిగగొట్టిన దిమ్మెముక్క పక్కన పడి ఉంది. దాన్ని ఆసరా చేసుకుని పారేసిన ఇనపమంచం తలాపు ఒకటి తీగతో బిగించి ఉంది. అవతల మేక నిలబడి లోపలికి చూస్తోంది, దానికీ ఏమీ అర్థం కానట్టు.

"గా మాట సెప్పక," అంది చంద్రవ్వ. "గంతసేపటి సంది తిట్టించుకోవట్టినవ్."

రెండో కూత కూసింది. ఏ కూత విన్నా పక్కన ఏ కర్ర ఉంటే దాన్ని వేలితో ఒకసారి కొట్టి చూసే అలవాటు ఇస్తారిది. ఇప్పుడు ఆ వేలు కదల్లేదు. వెలిగించని బీడీ ఒళ్ళో పడి ఉంది.

చంద్రవ్వ మట్టిచేతినే అతని ముక్కు దగ్గర పెట్టింది. చాలాసేపు అలాగే పెట్టి ఉంచింది.

మూడోనాడు, పోయినవాడి పేర పిట్టకు పెట్టే ముద్ద ఆకులో పెట్టుకుని తోటలోకి పోతే, మడి నిండా మెంతులు తలలు వంచి లేస్తున్నాయి. ఆదివారం డాక్టరు వచ్చి చూసి బాగుందన్నాడు. దశరథం రేకుల మాట ఎత్తలేదు. ఇంకో రెండు వారాలకు ఆకు కోయడానికి వచ్చిన సరోజన, దిమ్మిస అట్లా బయట వానకు నానితే పాడైతది, బావ గుర్తుగ ఇంట్ల పెట్టుకోరాదా అక్కా, అంది. అదీ నిజమే అనిపించింది. చంద్రవ్వ మంచం తలాపు తీగ విప్పి, దిమ్మిస అడ్డకర్రను రెండు చేతులా పట్టుకుని లాగింది. అటూ ఇటూ ఊపింది. భుజం ఆనించి తోసింది. కాలితో ఒక్క తన్ను తన్ని, "సచ్చినా సదురుడు మానలే గీ మనిషి," అని తిట్టి, వంగి, దాని మొదట్లో చుట్టూ కూరిన ఇటుకముక్కల మధ్య ఎక్కడైనా సందుందేమోనని వేలు పెట్టి చూసింది.

దిగలేదు.